తల్లుల పక్షమున అనీబిసెంటు

భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రమును చదివిన తెలుగువారిలో అనీబిసెంటు పేరు విననివారు అరుదు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజమునకు అధ్యక్షురాలుగను, హోమ్‌రూలు ఉద్యమ నాయకురాలుగను, 1917లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన తొలి మహిళగను ఆమె కీర్తి దేశమంతట వ్యాపించెను. మదనపల్లెలో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాల ఆమె పేరనే ప్రసిద్ధి చెందినది. కాని ఆమె భారతభూమిపై అడుగిడుటకు పదునారేండ్లు ముందే, ఇంగ్లండు దేశమున న్యాయస్థానము నెదుట నిలిచి, బిడ్డలను ఎప్పుడు కనవలెనో, ఎందరిని కనవలెనో నిర్ణయించుకొను జ్ఞానము బీదతల్లులకు సైతము అందవలెనని వాదించిన సంగతి అంతగా ప్రచారములో లేదు. ఆ వాదమునకు ఆమె చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు.

అనీ వుడ్ 1847 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆమెది ఐరిషు సంబంధము గల కుటుంబము. తండ్రి విలియం వుడ్ ఆమెకు అయిదేండ్ల ప్రాయమున మరణించెను. తల్లి ఎమిలీ చేతిలో చెప్పదగిన ధనము లేదు. ఆమె హారో పాఠశాలలో చదువుకొను బాలురకు భోజన వసతి గృహము నడపి, ఆ రాబడితో కుమారుని చదువు సాగించెను. కుమార్తెను ఎలెన్ మారియట్ అను విదుషీమణి తన యింట నుంచుకొని చదివించెను. పుస్తకమును కంఠస్థము చేయుటకంటె కన్నులార చూచి, ఆలోచించి, సొంత మాటలలో వ్రాయుట మేలని ఆ గురువు నేర్పెను. తరువాతి కాలమున వేలకొలది జనులను నిశ్చేష్టులను చేసిన ఆ వాగ్ధాటికి అచ్చటనే పునాది పడెను.

1867 డిసెంబరులో, ఇరువదేండ్ల వయసున, ఆమె ఫ్రాంక్ బిసెంట్ అను పాదిరిని వివాహమాడెను. దాంపత్య జీవితమనగా నేమియో ఆ కన్యకు ఎవ్వరును చెప్పియుండలేదు. ఆ కాలపు గౌరవ కుటుంబములలో అట్టి అజ్ఞానమే కన్యకు భూషణమని తలచెడివారు. 1869 జనవరిలో కుమారుడు డిగ్బీ, 1870 ఆగస్టులో కుమార్తె మేబెల్ జన్మించిరి. ఇరువది నెలలు నిండకమునుపే ఇరువురు బిడ్డల తల్లియైన ఆమె ఆరోగ్యము క్షీణించెను. 1871లో పసిబిడ్డ మేబెల్ కోరింతదగ్గుతో ప్రాణాపాయ స్థితికి వచ్చినపుడు, పాపమెరుగని శిశువుకు ఈ యాతన యెందుకను ప్రశ్న తల్లి మనస్సును తొలిచివేసెను. బిడ్డ బ్రదికెను గాని తల్లి విశ్వాసము బ్రదుకలేదు.

నాటి ఇంగ్లండు చట్టములో భార్యకు ప్రత్యేక వ్యక్తిత్వము మిక్కిలి స్వల్పము. వివాహిత తన ఆస్తిని స్వతంత్రముగా అనుభవించు పూర్తి హక్కు 1882 నాటి చట్టముతో గాని రాలేదు. బిడ్డలపై ప్రధానాధికారము తండ్రిదే. అట్టి రోజులలో, నమ్మకము లేని ప్రార్థనలో పాల్గొనజాలనని చెప్పి, 1873లో ఆమె పాదిరి గృహమును విడిచెను. ఒడంబడిక ప్రకారము కుమారుడు తండ్రి వద్దను, కుమార్తె తల్లి వద్దను ఉండునట్లు నిశ్చయింపబడెను. స్వల్పమైన జీవనభృతితో, పసిబిడ్డను చంకనిడుకొని, ఆమె లండను చేరెను.

1874లో ఆమె జాతీయ లౌకిక సంఘమున చేరెను. అచ్చట చార్లెస్ బ్రాడ్లా అను మహావక్తతో పరిచయము కలిగెను. ఈయనయే తరువాత నార్తాంప్టను ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించి, భారతీయుల పక్షమున మాటలాడి, 1889లో బొంబాయి కాంగ్రెసునకు అతిథిగా వచ్చినవాడు. బ్రాడ్లా నడపిన పత్రికలో అనీబిసెంటు వ్రాయసాగెను. ఊరూరను తిరిగి ఉపన్యసింపసాగెను. ఆ పర్యటనలలో ఆమె కార్మికవాడలను చూచెను. ఒక్క గదిలో ఎనమండుగురు, పదుగురు నివసించు సంసారములను, ఏటేట కాన్పులతో నీరసించి నలువది యేండ్లకే ముదుసలులైన తల్లులను, పుట్టిన ఏడాదికే గతించు శిశువులను చూచెను. వైద్యుని సలహా కొనగల ధనికుల యిండ్లలో కాన్పుల నడుమ ఎడము పాటించు ఉపాయములు రహస్యముగా తెలిసియుండెను. బీదలకు మాత్రము ఆ జ్ఞానము చెప్పుటయే నేరముగా నుండెను.

అమెరికాలోని మసచూసెట్సు రాష్ట్ర వైద్యుడు చార్లెస్ నోల్టన్ 1832లో ఈ విషయమై ఒక చిన్న పుస్తకము రచించి, అందుకై కారాగారవాసము ననుభవించెను. ఆ పుస్తకము ఇంగ్లండులో సుమారు నలువది యేండ్లు ఏ అడ్డంకి లేక అమ్ముడుపోవుచుండెను. ఒక బ్రిస్టలు వర్తకుడు దానికి అశ్లీల చిత్రములు చేర్చి అమ్మి శిక్ష పొందగా, లండనులోని ప్రకాశకుడు సైతము నిందితుడయ్యెను. ఆయన నేరము నొప్పుకొని తప్పించుకొనెను. బ్రాడ్లాయు అనీబిసెంటును దీనికి సమ్మతింపలేదు. ఇప్పుడు మిన్నకున్నచో వైద్యవిషయములను బీదలకు చెప్పు హక్కే నశించునని వారు తలచిరి. సొంతముగా ఒక ప్రచురణ సంస్థను నెలకొల్పి, 1877 మార్చి 24వ తేదీన ఆ పుస్తకమును ఆరు పెన్నీల ధరకు తిరిగి ప్రకటించిరి. చాటుగా అమ్ముట వారి యుద్దేశము కాదు. ఎప్పుడు, ఎచ్చట అమ్మెదరో పోలీసులకు ముందుగానే తెలియజేసిరి. మొదటి యిరువది నిమిషములలోనే అయిదు వందల ప్రతులు చెల్లెను. కొలది దినములకు ఇరువురును నిర్బంధింపబడిరి.

1877 జూన్ 18న ప్రధాన న్యాయమూర్తి సర్ అలెగ్జాండరు కాక్‌బర్న్ ఎదుట విచారణ ప్రారంభమయ్యెను. ప్రభుత్వ పక్షమున సొలిసిటరు జనరలు హార్డింజి గిఫర్డు స్వయముగా వాదించెను. అనీబిసెంటు వకీలును పెట్టుకొనలేదు. స్త్రీలు న్యాయవాద వృత్తి చేపట్టు అవకాశమే లేని ఆ దినములలో, ఇరువది తొమ్మిదేండ్ల యువతి నిండు సభలో నిలిచి గర్భధారణ, ప్రసవము, శిశుమరణములను గూర్చి గంటలకొలది ప్రసంగించెను. జ్యూరీలోని పురుషులు తమ భార్యలతో సైతము మాటలాడ సంకోచించు విషయమది. పుట్టిన పిదప ఆకలితోను రోగముతోను శిశువులు గతించుటకంటె, పోషింపగలిగినంతమందినే కనుట నీతికి దగ్గరయని ఆమె నిరూపింప యత్నించెను. నాలుగు దినముల పిదప జ్యూరీ యొక వింత తీర్పు చెప్పెను. పుస్తకము ప్రజల నీతికి హానికరమనియు, దానిని ప్రకటించిన వారి యుద్దేశము మాత్రము చెడ్డది కాదనియు ఆ తీర్పు. న్యాయమూర్తి దానిని నేరస్థాపనగా గ్రహింపక తప్పలేదు. ఒక్కొక్కరికి ఆరు నెలల కారాగారము, రెండు వందల పౌనుల జరిమానా విధింపబడెను. అప్పీలు తేలువరకు శిక్ష అమలు జరుగలేదు. అభియోగ పత్రములో పుస్తకమునందలి ఆక్షేపణీయ వాక్యములను చూపలేదను సాంకేతిక కారణముపై 1878 ఫిబ్రవరిలో అప్పీలు న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివేసెను. మరణశయ్యపై నున్న పుస్తకమునకు ప్రభుత్వమే ప్రాణము పోసినట్లయ్యెను. ఏడాదికి కొలదిగా మాత్రమే చెల్లుచుండిన ఆ గ్రంథము కొలది నెలలలో లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను.

నోల్టన్ పుస్తకము నలువదియైదేండ్ల నాటిది. అందలి వైద్యము పాతబడినది. అందుచే అనీబిసెంటు అదే సంవత్సరమున జనసంఖ్యా సూత్రమును గూర్చి తానే మరియొక పుస్తకము వ్రాసెను. 1891 వరకు ఇంగ్లండులోనే దాని ప్రతులు 1,75,000 చెల్లెను. గర్భనిరోధ సాధనములలో ఏది నమ్మదగినది, ఏది కాదు అను చర్చను సామాన్య స్త్రీ యెదుట పెట్టుట ఆ గ్రంథము చేసిన మేలు. నోల్టన్ ముఖ్యముగా సూచించినది, సంగమానంతరము పటిక మొదలగు ద్రవ్యములు కలిపిన నీటితో పిచికారీ చేసికొనుట. అది మిక్కిలి బలహీనమైన ఉపాయమని నేటి వైద్యమునకు తెలియును. ఏలయన పురుషబీజములు కొలది నిమిషములలోనే గర్భాశయ ద్వారమును దాటగలవు. అనీబిసెంటు దానికంటె మెత్తని స్పంజి మేలని చెప్పెను. నెలలో సురక్షిత దినములను గూర్చి ఆనాటి వైద్యుల లెక్కయే తలక్రిందులుగా నుండెను. ఋతుస్రావమునకు దగ్గరి దినములలోనే గర్భము నిలుచునని వారు నమ్మి, నడిమి దినములు క్షేమమని చెప్పుచుండిరి. నిజమునకు నడిమి దినములే ప్రమాదకరములని 1920–30 నడుమ జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అను వైద్యులు నిరూపించిరి. అంతవరకు ఆ సలహాను నమ్మిన తల్లులు నమ్మకముతోనే గర్భవతులగుచుండిరి.

ఈ నమ్మకమును అంకెలలో చూచిన విషయము స్పష్టమగును. ఏ జాగ్రత్తయు లేనిచో నూరు జంటలలో ఒక యేటికి సుమారు 85 జంటలకు గర్భము నిలుచును. పురుషుడు మధ్యలో విరమించుకొను పద్ధతితో ఆ సంఖ్య వాడుకలో సుమారు 20. బిడ్డలను కనియున్న స్త్రీలలో స్పంజితో సుమారు 27. నిరోధ్ వంటి తొడుగుతో 13, దినదినము మ్రింగు మాత్రలతో 7, కాపర్ టీతో ఒకటికంటె తక్కువ, స్త్రీల శస్త్రచికిత్సతో అర. ఏటికి నూటికి ఇరువది యన్నది చిన్న సంఖ్యవలె తోచును. కాని అదే రేటు ఏటేట సాగినచో అయిదేండ్లకు నూటికి 67 మందికి ఒక్కసారియైనను గర్భము నిలుచును. కాపర్ టీతో అదే అయిదేండ్లకు ఆ సంఖ్య సుమారు నాలుగు మాత్రమే. లోపభూయిష్టమైన పద్ధతియైనను దేశములోని జంటలన్నియు పాటించినచో కాన్పుల నడుమ ఎడము పెరిగి, జననముల సంఖ్య బాగుగ తగ్గును. కాని ఒక తల్లి తన జీవితమును ముందుగా తీర్చిదిద్దుకొనుటకు ఆ ఎడము చాలదు. జాతి లెక్కకు సగటు సరిపోవును. తల్లి లెక్కకు సరిపోదు.

వ్యాజ్యెమున గెలిచితినని సంతోషించు అవకాశము ఆమెకు దక్కలేదు. 1878లో ఫ్రాంక్ బిసెంట్, తల్లి నాస్తికురాలనియు, అశ్లీల గ్రంథ ప్రచారకురాలనియు ఆరోపించి, కుమార్తెను తనకు ఇప్పింపుమని న్యాయస్థానమున కోరెను. మాస్టరు ఆఫ్ ది రోల్సు పదవిలోనున్న సర్ జార్జి జెసెల్ విచారణ జరిపెను. తల్లి బిడ్డను ప్రేమతోను శ్రద్ధతోను పెంచినదని ఒప్పుకొనుచునే, బిడ్డకు మతబోధ లేకుండ చేసినదనియు, ఆ పుస్తకము ప్రకటించిన స్త్రీ యొద్ద ఆడపిల్ల పెరుగరాదనియు తలచి, మేబెల్‌ను తండ్రికి అప్పగించెను. ఎనిమిదేండ్లు నిండని బిడ్డను తల్లి యొడి నుండి తీసికొనిపోయిరి. ఆ దెబ్బకు అనీబిసెంటు జబ్బుపడెను. బిడ్డలను చూచు హక్కు మాత్రము తరువాత లభించెను గాని, ఆ కలయికలు వారిని కలతపెట్టుచున్నవని గ్రహించి, వారు పెద్దవారగు దాక దూరముగా నుండుటకు ఆమె నిశ్చయించుకొనెను. యుక్తవయసు వచ్చిన పిదప ఇరువురును తమంతట తామే తల్లి చెంతకు వచ్చిరి. తల్లియగుట స్త్రీ యిష్టముపై ఆధారపడవలెనని పోరాడిన ఆమెకు, తల్లిగా నుండు హక్కే లేకుండ పోయినది. ఇంగ్లండు సమాజము ఆమెకు విధించిన నిజమైన శిక్ష యిదియే.

ఆ విచారణ జరిగిన తరుణము జనాభా చరిత్రమున ప్రసిద్ధము. ఇంగ్లండు, వేల్సులలో వేయి మందికి జననములు 1876లో 36.3గా నుండి శిఖరము నందుకొనెను. 1901 నాటికి అవి సుమారు 28.5కును, అనీబిసెంటు మరణించిన 1933 నాటికి సుమారు 14.4కును దిగెను. 1860 ప్రాంతమున వివాహమైన స్త్రీకి సగటున ఆరుగురు బిడ్డలు. 1925 తరువాత వివాహమైన స్త్రీకి ఇరువురు చిల్లర. ఈ మార్పునకు ఒక్క వ్యాజ్యెమే కారణమనుట అత్యుక్తి. 1870, 1880 సంవత్సరముల విద్యాచట్టములతో పిల్లలు పనికి బదులు బడికి పోవలసి వచ్చెను. బిడ్డ యనగా సంపాదన కాక వ్యయమని తల్లిదండ్రులు గ్రహించిరి. అయినను, ఇటీవలి ఆర్థికశాస్త్ర పరిశోధకులు కెనడా, అమెరికా, దక్షిణాఫ్రికా దేశములలో స్థిరపడిన బ్రిటిషు మూలము గల కుటుంబములను పరిశీలించి, ఇతరులకంటె వారిలోనే 1877 తరువాత సంతానము తగ్గసాగినదని కనుగొనిరి. సముద్రములు దాటి పోయినది సాధనము కాదు, వార్త. సంతాన పరిమితిని గూర్చి మర్యాదస్థులు మాటలాడవచ్చునన్న వార్త. నాడు బ్రిటిషు జంటలు అధికముగా పాటించినవి విరమణ పద్ధతియు, బ్రహ్మచర్యమునే. ఆ రెండింటికిని అంగడిలో కొనవలసినది ఏదియు లేదు. మనస్సున నిశ్చయము మాత్రమే కావలెను.

అయితే స్త్రీస్వేచ్ఛ పెరిగిన జననములు తగ్గును, తగ్గనిచో స్వేచ్ఛ లేదు అను సులభ సూత్రము కుదరదు. ఫ్రాన్సు దేశమున జననములు ఇంగ్లండుకంటె దాదాపు నూరేండ్లు ముందే తగ్గసాగెను. 1804 నాటి నెపోలియను స్మృతి అచ్చటి భార్యలను భర్తలకు విధేయులుగా కట్టివేసిన కాలమది. ఆస్తి చీలిపోకూడదను రైతు లెక్కయు, మతగురువుల పట్టు సడలుటయు అచ్చట పనిచేసినవి. స్త్రీకి స్వేచ్ఛ లేకయే సంతానము తగ్గవచ్చును. స్త్రీకి విద్యయు, సంపాదనయు, ఆలస్య వివాహమును, నమ్మదగిన సాధనమును కలిసి లభించినపుడు మాత్రము ఆ తగ్గుదల ఆమె నిర్ణయమని చెప్పదగును.

అనీబిసెంటు జీవితము అచ్చట ఆగలేదు. 1888లో లండనులోని అగ్గిపెట్టెల కర్మాగారమున పనిచేయు బాలికల దుస్థితిని వెల్లడించి, వారి సమ్మెకు అండగా నిలిచి జయము చేకూర్చెను. ఆ యేడాదియే లండను విద్యామండలికి ఎన్నికై, ఆకలితో బడికి వచ్చు పిల్లలకు భోజనమునకై పాటుపడెను. 1889లో బ్లావట్స్కీ గ్రంథము చదివి దివ్యజ్ఞానమున ప్రవేశించెను. మానవుడు శరీరము మాత్రమే కాదనియు, కోరికను జయించుటే ఉన్నత మార్గమనియు నమ్మిన పిదప, 1891లో తన జనసంఖ్యా గ్రంథమును అంగడి నుండి ఉపసంహరించెను. ప్రచురణ హక్కును అమ్ముటకు సైతము అంగీకరింపలేదు. పాత మిత్రులు దీనికి నొచ్చుకొనిరి. కన్నబిడ్డను పోగొట్టుకొని నిలిపిన వాదమును ఆమె తన చేతులతోనే విడిచెనని వారి బాధ. ఆమె మాత్రము బీదల యెడ జాలిని విడువలేదు. ఉపాయమును మాత్రమే విడిచెను. 1935లో మార్గరెట్ శాంగరు వార్ధా వచ్చి మహాత్మా గాంధీతో చర్చించినపుడు, ఆయన సాధనములను కాదని ఆత్మనిగ్రహమునే బోధించుట కూడ ఈ తోవలోనిదే. నిగ్రహము మహనీయమైన గుణము. కాని నిగ్రహింపవలసినది భర్తయైనపుడు, ఆ పద్ధతి యొక్క నమ్మకము భార్య చేతిలో నుండదు. ఈ చిక్కునకు అనీబిసెంటు తరువాతి రచనలు పూర్తిగా సమాధానము చెప్పలేకపోయినవి.

1893 నవంబరులో ఆమె భారతదేశము చేరెను. ఇచ్చట సాధనముల మాట ఎత్తకున్నను, స్త్రీ నిర్ణయమునకు మూలమైన వేరులను ఆమె తడిపెను. 1904లో కాశీలో బాలికల పాఠశాల నెలకొల్పెను. 1913లో మద్రాసులో ఇచ్చిన ఉపన్యాసములలో బాల్యవివాహములను ఖండించెను. 1917లో అడయారున మార్గరెట్ కజిన్సు, డొరతీ జినరాజదాస మొదలగు వారి కృషితో ఏర్పడిన భారత మహిళా సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ సంఘము స్త్రీల ఓటు హక్కునకై ఉద్యమించెను. తెలుగు జిల్లాలు అనేకము చేరియుండిన మద్రాసు రాష్ట్రమున 1921లో శాసనసభ స్త్రీలకు ఓటు నంగీకరించెను. 1929లో వచ్చిన శారదా చట్టము వెనుక ఇట్టి మహిళా సంఘముల ఒత్తిడి గలదు. 1933 సెప్టెంబరు 20న, ఎనుబదియారవ యేట, ఆమె అడయారున కన్నుమూసెను.

ఆమె మరణానంతరము ఈ దేశమున జరిగినది కొంత చెప్పుకొనదగినది. 1952లో భారత ప్రభుత్వము కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమముగా చేపట్టెను. 1960లో అమెరికాలో మాత్రలకు అనుమతి లభించెను. 1965లో మన ఆసుపత్రులకు లూపు వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్ళలో స్త్రీకి సగటున ఆరుగురుగా నుండిన సంతానము 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.0కు దిగెను. ఆంధ్రప్రదేశున అది 1.7, తెలంగాణమున 1.8. నాటి ఇంగ్లండు తల్లి ఎరుగని నమ్మకము నేటి తెలుగు తల్లికి శస్త్రచికిత్స రూపమున చేతికందినది. కాని అదే సర్వేలో, ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకయే వివాహమైనవారు ఆంధ్రప్రదేశున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మందికి పైగా నున్నారు. దేశమున ఆపరేషను చేయించుకొన్న భార్యలు నూటికి 38 మంది కాగా, పురుషుల ఆపరేషనుపై ఆధారపడిన జంటలు నూటికి ఒకటి సైతము లేవు. సంతానము తగ్గినది, భారము మాత్రము ఇంకను ఒక్క భుజముపైననే యున్నది.

ఈ అంకెల వెలుగున చూచినపుడు అనీబిసెంటు జీవితములోని రెండు భాగములు ఒకదానినొకటి కాదనుట లేదని తోచును. 1877లో ఆమె తల్లికి జ్ఞానము కోరెను; భారతదేశమున బాలికకు బడిని, యుక్తవయసు వరకు కన్యాత్వమును, పౌరురాలికి ఓటును కోరెను. మొదటిది లేక రెండవది పూర్తి కాదు. రెండవది లేక మొదటిది స్త్రీ సొత్తు కాదు. ఎన్ని మతములు మారినను, ఎన్ని వాదములు విడిచినను, స్త్రీ తన జీవితమును గూర్చి తెలిసికొని నిర్ణయించుకొనవలెనను ఒక్క ఆశయమును ఆమె కడదాక విడువలేదు. ఆ ఆశయము కొరకు కన్నబిడ్డను కోల్పోయిన తల్లిగా కూడ ఆమెను స్మరించుట తెలుగు కుటుంబములకు తగియున్నది.